లక్సెట్టిపేట బోర్డు మీద 'యు' ఎందుకుంది?

మంచిర్యాల నుంచి జగిత్యాల పోయే దారిలో లక్సెట్టిపేట తగులుతుంది. ఊరి పేరులో మొదటి అక్షరం 'ల'. ఇంగ్లీషు బోర్డు మీద మాత్రం 'ఎల్' పక్కన మనం అనుకునే 'ఏ' ఉండదు. 'యు' ఉంటుంది, దాని వెంట 'ఎక్స్' ఉంటుంది. ఎప్పుడో ఎవరో గుమాస్తా తోచినట్టు రాసిపడేశాడని చాలామంది వదిలేస్తారు. సబ్బు పేరు గుర్తొచ్చి నవ్వుకునేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ 'యు' ఒక లెక్క ప్రకారమే వచ్చి కూర్చుంది. ఆ లెక్క పుట్టింది గోదావరి ఒడ్డున కాదు, లండన్‌లో.

కప్, కట్, లక్ లాంటి మాటల్లో 'యు'ని ఇంగ్లీషువాళ్లు ఒకప్పుడు 'ఉ' అనే పలికేవారు. అంటే 'కుప్', 'కుట్', 'లుక్'. పదిహేడో శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండు నోళ్లలో ఆ ఉకారం సడలి మన 'అ'కు దగ్గరగా జరిగింది. అప్పటికే స్పెల్లింగు అచ్చాఫీసుల్లో బిగిసిపోయింది కాబట్టి పలుకు మారినా రాత మారలేదు. ఆ తర్వాత ఈ దేశంలో దఫ్తర్లు తెరిచిన దొరలకు పొట్టి 'అ' చెవిన పడితే చెయ్యి 'యు' మీదికి పోయేది. పంజాబ్, కటక్ పేర్లలో ఇప్పటికీ ఉన్నది ఆ 'యు'నే. ఎలగందుల పేరులో 'గం' దగ్గర 'యు' పెట్టిన పాత ఇంగ్లీషు రాతలూ ఉన్నాయి. తర్వాతి కాలంలో చాలా ఊళ్ల స్పెల్లింగు మారింది, లక్సెట్టిపేటది మారలేదు. ఉత్తర ఇంగ్లండులో, ముఖ్యంగా యార్క్‌షైర్‌లో, పాత ఉకారం ఇంకా బతికే ఉంది. అక్కడి మనిషి మన బోర్డు చదివితే 'లుక్సెట్టిపేట' అనడం ఖాయం.

జంట అక్షరాల వెనకా ఇలాంటి లెక్కే ఉంది. గోండు వీరుడు కొమురం భీం పేరులో 'భీ'కి ఇంగ్లీషువాళ్లు 'ఈ' అని పిలిచే అక్షరాన్ని రెండుసార్లు రాస్తాం. ఉట్నూరులో 'నూ'కు జంట 'ఓ' రాస్తాం. రెండు 'ఓ'లు కలిస్తే ఓకారం రావాలి గాని ఊకారం ఎలా వచ్చింది? పద్నాలుగో శతాబ్దం నాటి ఇంగ్లీషులో వచ్చేది ఓకారమే. ఫుడ్ అనే మాటను 'ఫోడ్' అన్నట్టుగా, ఫీట్‌ను 'ఫేట్' అన్నట్టుగా పలికేవారు. 1400 నుంచి 1700 దాకా సాగిన మార్పులో ఇంగ్లీషు దీర్ఘాచ్చులు చాలావరకు ఒక్కో మెట్టు పైకెక్కాయి. ఏకారం ఈకారమైంది, ఓకారం ఊకారమైంది. ఆ మార్పు జరగకపోయి ఉంటే ఇదే స్పెల్లింగును 'భేమ్' అనీ 'ఉట్నోర్' అనీ చదవాల్సి వచ్చేది. జోడేఘాట్ వీరుడి పేరుకూ ఇంగ్లండు నోటి మార్పుకూ ముడి పడుతుందని ఎవరనుకుంటారు?

ఆయన ఇంటిపేరు సంగతి ఇంకో కథ. కొమురం, కొమరం, కుమ్రం అని మూడు నాలుగు రకాలుగా రాస్తారు. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సర్కారు 'కుమురం భీం ఆసిఫాబాద్' అని ఖాయం చేసింది. పత్రికలు మాత్రం ఎవరి అలవాటు వాళ్లు కొనసాగిస్తున్నాయి. షేక్‌స్పియర్ సంతకాలని ఒప్పుకున్న వాటిలోనే ఆయన పేరు ఒక్క తీరుగా లేదు కాబట్టి ఇందులో మనం సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మన ఊళ్ల పేర్లను ఇంగ్లీషులో ఎలా రాయాలన్న తగాదాకు రెండు వందల ఏళ్లు దాటాయి. సర్ విలియం జోన్స్ 1788లోనే ఆసియా భాషల మాటలను రోమన్ అక్షరాల్లో రాయడం గురించి ఒక వ్యాసం అచ్చువేశాడు. అచ్చులను లాటిన్ తీరులో రాయాలన్నది ఆయన పక్షం. జాన్ గిల్‌క్రిస్ట్ ఆ దారి పట్టకుండా, ఇంగ్లీషు చదువుకున్నవాడి నోటికి అలవాటైన జంట 'ఓ', జంట 'ఈ' వాడాడు. 1870ల్లో విలియం విల్సన్ హంటర్ మళ్లీ జోన్స్ వైపు మొగ్గాడు. సర్కారు హంటర్ పద్ధతినే చేపట్టింది. ఉట్నూరు ఒక బోర్డు మీద జంట 'ఓ'తోనూ ఇంకో కాగితం మీద ఒంటి 'యు'తోనూ కనిపిస్తే, ఆ రెండు పద్ధతుల పంచాయితీ ఇంకా తెగలేదన్నమాట.

హంటర్ పద్ధతిలో దీర్ఘానికి అక్షరం నెత్తిన గీత ఉండేది. 1908 నాటి ఇంపీరియల్ గెజెటీర్ తిరగేస్తే ఊళ్ల పేర్ల మీద ఆ గీతలు కనిపిస్తాయి. టైపు మిషన్ల కాలం వచ్చేసరికి వాటిని పట్టించుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఇవాళ కరీంనగర్‌లోని 'రీ'కీ నిర్మల్‌లోని 'ని'కీ ఒకటే 'ఐ' రాస్తున్నాం. ఒకటి దీర్ఘం, ఒకటి హ్రస్వం. తెలిసినవాళ్లకు ఇబ్బంది లేదు, కొత్తగా వచ్చిన రైల్వే ఉద్యోగి మాత్రం 'కరిం' అంటాడు.

వేములవాడలో 'వ' వరస అక్షరాలు రెండున్నాయి, మొదట 'వే', తర్వాత 'వా'. రెండింట్లోనూ హల్లు ఒక్కటే, నోరు కదిలే తీరూ ఒక్కటే. ఇంగ్లీషులో మాత్రం మొదటిదానికి 'వి', రెండోదానికి 'డబ్ల్యు'. ఈ 'డబ్ల్యు' పాత రోమన్లకు తెలియని అక్షరం. ఇంగ్లీషువాళ్లు లాటిన్ లిపి తెచ్చుకున్నప్పుడు తమ నోట్లో ఉన్న ఆ ధ్వనికి గుర్తు దొరకక, అంతకు ముందు తాము వాడిన రూన్ లిపి నుంచి 'విన్' అనే అక్షరాన్ని పట్టుకొచ్చారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వచ్చిన రాతగాళ్లకు 'విన్' నచ్చలేదు. రెండు 'యు'లు జత చేసి రాశారు. పేరులోనే ఉంది చూడండి, డబుల్ యు అని.

సిరిసిల్ల స్పెల్లింగులో 'సి' రెండు చోట్ల ఉంది. మొదటి చోట 'ఎస్', రెండో చోట ఇంగ్లీషు మూడో అక్షరం. పాత ఇంగ్లీషులో ఆ మూడో అక్షరానికి 'క' ధ్వని ఉండేది, లేదంటే 'చ' ధ్వని ఉండేది. దానికి 'స' ధ్వని అంటగట్టింది ఫ్రెంచి మాటలు. కాబట్టి మరమగ్గాల సిరిసిల్ల బోర్డు మీద నార్మన్ల దండయాత్ర జాడ ఉందంటే అతిశయోక్తి కాదు.

జగిత్యాల, మంచిర్యాల పేర్లలో చివరి అకారం ఇంగ్లీషులో ఎగిరిపోయింది. ఇక్కడ ఇంగ్లీషును తప్పుపట్టి లాభం లేదు. 1880ల్లో నిజాం సర్కారు ఫార్సీని పక్కనపెట్టి ఉర్దూను కచేరీ భాషగా చేసింది. ఉర్దూ రాతలో ఇవి జగ్తియాల్, మంచిరియాల్. ఇంగ్లీషు పేర్లు ఆ ఉర్దూ రూపాలకు అచ్చుగుద్దినట్టున్నాయి. సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్ పేరులో 'జి' పక్కన 'హెచ్' చేరింది కూడా కాగజ్ అనే ఫార్సీ మాటలో గొంతు లోపలి నుంచి వచ్చే 'గ' కోసమే. తమాషా ఏమిటంటే ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఈ జంటకు గొంతు ధ్వనే ఉండేది. నైట్, లైట్ అనే మాటల్లో దాన్ని గరగరమనిపించేవారు. ఇప్పుడక్కడ అది మూగదైపోయింది. మన కాగితం మిల్లు ఊళ్లో ఇంకా కొంచెం గొంతు మిగిలింది.

ఇక అసలు పాత సంగతులకు వద్దాం. ఒక భాష కోసం తయారైన అక్షరాల్లో ఇంకో భాష ఇరుక్కుని సర్దుకోవడం మన దగ్గర నిన్న మొన్నటిది కాదు. పెద్దవాగు గోదావరిలో కలిసేచోట, ఇప్పటి జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన నాణేల మీద బ్రాహ్మీ అక్షరాలున్నాయి. గోభద, నారన, కంవాయ, సమగోప అని మనకు మరెక్కడా అంతగా వినిపించని రాజుల పేర్లు వాటి మీద చదివారు. శాతవాహనుల్లో మొదటివాడైన సిముకుడి నాణేలు కూడా అక్కడే బయటపడ్డాయి. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ సేకరించిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి లోకానికి చెప్పాకే, శాతవాహనుల మొదలు ఎక్కడ అన్న చర్చలో గోదావరి తీరానికి చోటు దక్కింది.

సిముకుడి నాణెం మీద 'రఞో సిరి చిముక సాతవాహనస' అని ఉంటుంది. పైకి చదివేటప్పుడు మాత్రం ప్రాకృతంలో అది 'రఞ్ఞో', 'సాతవాహనస్స'. రెండు చోట్ల ద్విత్వం ఉంది, రాతలో ఒక్కటీ లేదు. ఆ కాలపు ప్రాకృత రాతల్లో ఒత్తు పెట్టే అలవాటు లేదు. పుత్త అనే మాటను పుత అని రాసి ఊరుకునేవారు. ఒత్తి పలకాల్సింది చదివేవాడే.

దీనికి సరిగ్గా తిరగేసిన పని ఇంగ్లండులో ఒకాయన చేశాడు. పన్నెండో శతాబ్దంలో ఆర్మ్ అనే సన్యాసి, జనం తన ప్రసంగాలను తప్పుగా చదువుతారేమోనని భయపడి, హ్రస్వం తర్వాత వచ్చే హల్లును చాలాచోట్ల రెండుసార్లు రాశాడు. ఇరవై వేల పాదాల దాకా మిగిలిన ఆ కావ్యానికి తన పేరే పెట్టుకున్నాడు, 'ఆర్ములం' అని. ఇంగ్లీషు స్పెల్లింగును ఒక పద్ధతిలో పెట్టాలని పూనుకున్న తొలివాళ్లలో ఆయనొకడు. ఆయన వెంట ఎవ్వరూ నడవలేదు. చేతిరాత ప్రతి ఒక్కటే ఉంది, అదీ ఆయన సొంత చేత్తో రాసుకున్నదేనంటారు. కోటిలింగాల నాణేలు చెక్కినవాడికి ఆ ప్రతి కనబడితే, తాను ఒత్తుల కోసం ఇంత లోహం దండగ చేసుకోలేదని సంతోషించేవాడేమో!

తెలుగులో మనకు దొరికిన మొదటి శాసనం కడప జిల్లా కలమళ్లలోది, ధనంజయుడనే రాజు కాలంలో, సుమారు 575లో వేసింది. ఇంగ్లీషులో రాసిన తొలి చట్టం కెంట్ రాజు ఎథెల్బర్ట్‌ది, సుమారు 600 నాటిది. ఒక తరం తేడాతో రెండు భాషలూ అరువు లిపిలో అడుగుపెట్టాయి. ఒక తేడా ఉంది. కలమళ్లలో రాయి ఆనాటిదే. ఎథెల్బర్ట్ చట్టానికి మిగిలింది పన్నెండో శతాబ్దంలో తీసిన నకలు.

రాయి సంగతి వచ్చింది కాబట్టి కుర్క్యాల పోవాలి. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో ఆ ఊరి దగ్గరి బొమ్మలగుట్ట మీద జైన చక్రేశ్వరి, తీర్థంకరుల బొమ్మలు చెక్కి, కింద ఒక శాసనం వేయించాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపడికి ఈయన తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్నవాడు, 941లో విక్రమార్జున విజయం పూర్తి చేశాడు. శాసనం కాలం 945 ప్రాంతం. అందులో సంస్కృతం ఉంది, కన్నడం ఉంది, తెలుగులో మూడు కంద పద్యాలున్నాయి. నన్నయకు వందేళ్ల ముందటి కందాలు! తెలుగుకు ప్రాచీన భాష హోదా కోసం వాదించినప్పుడు ఈ గుట్ట పేరు చాలాసార్లు పలికారు. 2008లో ఆ హోదా వచ్చింది.

నన్ను ఎక్కువ ఆకట్టుకునేది పద్యాల కంటే వాటి లిపి. మూడు భాషలకూ అక్షరాలు ఒకటే. అప్పటికి తెలుగు లిపి, కన్నడ లిపి అని వేరు లేవు. చదవడం వచ్చినవాడు గుట్టెక్కి మూడు భాషల్నీ ఒక్క తీరు అక్షరాల్లోనే చదువుకునేవాడు. పంపడి ఇంట్లో అన్న కన్నడ కావ్యాలు రాస్తే తమ్ముడు తెలుగు కందాలు చెక్కించాడంటే ఆ నేల మీద భాషల సరిహద్దులు ఇవాళ్టి పటంలా లేవని అర్థం. 'ఎవరి కవి' అని కొట్లాడేవాళ్లను ఒక్కసారి ఆ రాతి ముందు నిలబెడితే బాగుండును.

ఆ కాలం తెలుగు–కన్నడ శాసనాల్లో ఎ, ఏలకు వేరువేరు గుర్తులు మామూలుగా కనిపించవు. ఒ, ఓలకూ అంతే. బ్రాహ్మీ లిపి పెరిగింది సంస్కృత ప్రాకృతాల ఇంట్లో. సంస్కృతానికి పొట్టి ఎకారం, పొట్టి ఒకారం లేవు. లేనివాటికి గుర్తులెందుకు చేస్తారు? తెలుగువాడికి అవి అడుగడుగునా కావాలి, అయినా ఉన్నదాంతోనే సర్దుకున్నాడు. కందంలో ఈ చిక్కు కొంత తీరుతుంది. కందం మాత్రల లెక్క మీద నడుస్తుంది కాబట్టి, ఎక్కడ సాగదీయాలో ఎక్కడ తుంచాలో గణమే చెప్పేస్తుంది. వచన శాసనం చదివేవాడికి ఆ సాయం లేదు.

జినవల్లభుడి రాయికి ఇంగ్లీషులో జోడీ వెతికితే బేవుల్ఫ్ దొరుకుతుంది. ఇంగ్లీషువాళ్లు తమ పాత కావ్యమని గొప్పగా చెప్పుకునే దానికి మిగిలిన ప్రతి ఒక్కటే, అది రాసింది సుమారు 1000లో. అంటే మన కందాలు దానికన్నా యాభై ఏళ్లు పెద్దవి. 1731లో మంటలంటుకుని ఆ ప్రతి అంచులు కాలాయి. గుట్టకు మంటల భయం లేదు. గ్రానైటు కోసం గుట్టలు కోసే జిల్లాలో ఉండటమే దాని కష్టం. క్వారీల నుంచి బొమ్మలగుట్టను కాపాడమని చరిత్రకారులు చాలాసార్లు మొత్తుకోవాల్సి వచ్చింది.

పోగొట్టుకున్న అక్షరాలు రెండువైపులా ఉన్నాయి. పాత ఇంగ్లీషులో థ ధ్వనికి 'థార్న్', 'ఎథ్' అని రెండు అక్షరాలుండేవి. 1476లో విలియం కాక్‌స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టినప్పుడు అచ్చు అక్షరాలు ఐరోపా ఖండం నుంచి తెచ్చుకున్నవి, వాటిలో 'థార్న్' లేదు. అచ్చువాళ్లు దాని పోలికతో ఉన్న 'వై'ని ఇరికించారు. పాత దుకాణాల బోర్డుల మీద 'యీ ఓల్డ్' అని కనిపించేది ఆ 'వై' పుణ్యమే. అక్కడ పలకాల్సింది 'ద' మాత్రమే. కాక్‌స్టన్ దగ్గర పనిచేసినవాళ్ల ఫ్లెమిష్ అలవాటు వల్లనే ఘోస్ట్ అనే మాటలో ఒక 'హెచ్' దూరిందంటారు. దయ్యం పోయినా 'హెచ్' పోలేదు.

మన వైపు పోయింది 'ఴ'. చోఴ అని రాసేటప్పుడు తమిళులు, మలయాళులు ఇప్పటికీ వాడే ధ్వని అది. తొలి తెలుగు శాసనాల్లో ఉంది, నన్నయ నాటికి మాయమైంది. దాని చోట ఎక్కువగా 'డ' వచ్చింది. బండి 'ఱ' మాత్రం ధ్వని పోయినా రాతలో చాలాకాలం నిలిచింది, పాత పద్యాల్లో ప్రాస కుదరడానికి ఇప్పటికీ కావాలి. కంప్యూటర్లకు అక్షరాలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగు 'ఴ'కు 2014లో చోటు దొరికింది. వెయ్యేళ్లు ఆలస్యంగానైనా అది ఇప్పుడు సెల్‌ఫోన్లో పుట్టగలదు.

యూనికోడ్‌లో మన వైపు నుంచి ఇంకా గట్టి కథ ఉంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరుంది. 2006 ప్రాంతంలో జయధీర్ తిరుమలరావు అక్కడ గోండి భాషలో, గోండులదే అయిన లిపిలో రాసిన పాత ప్రతులున్నాయని బయటి లోకానికి తెలియజేశారు. ప్రతులు 1750 నాటివని అంచనా. చదవగలిగినవాళ్లు ఊళ్లో అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు. తర్వాత ఫాంటు తయారైంది, వాచకాలు వచ్చాయి, 2018 జూన్‌లో 'గుంజాల గోండి' యూనికోడ్‌లో చేరింది.

ఈ లిపిలో హల్లుల వరస క, ఖ, గ అని మొదలు కాదు. య, వ, బ, భ, మ అని మొదలై ఆ తర్వాత క, ఖ, త, థ వస్తాయి. బ్రాహ్మీ కుటుంబంలో చాలా లిపులు నోటి లోపలి నుంచి పెదవుల దాకా వరసగా నడుస్తాయి, ఇది తన దారి తాను పట్టింది. ఇంగ్లీషు రూన్లకూ ఇదే పట్టుదల ఉండేది. ఏ, బి, సి అని కాకుండా ఫ, ఉ, థ అని మొదలయ్యేవి. అందుకే వాటి వర్ణమాలను 'ఫుథార్క్' అంటారు.

ఇక్కడ చిత్రమైన విషయం ఒకటుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, ఆ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, 1943లో గోండు పిల్లలకు చదువు, గోండు యువకులకు పంతులు పని నేర్పే పథకం మొదలుపెట్టాడు. గోండిలోనే వాచకాలు తయారయ్యాయి. లిపి మాత్రం దేవనాగరి. గుంజాల ప్రతులు అదే ఉట్నూరు ప్రాంతంలో, ఎవరి ఇంట్లోనో మూటకట్టి ఉన్న రోజులవి. భీం కూడా చాందాలో అచ్చుపని చేసే విఠోబా అనే ఆయన దగ్గర ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ చదవడం, రాయడం నేర్చాడని ఆయన జీవిత కథలు చెప్తాయి. ఆ జాబితాలో గోండి రాత లేదు.

గోండికి ఇంకో సొంత లిపి కూడా ఉంది. మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ జిల్లా మున్షీ మంగళ్‌సింగ్ మసరాం 1918లో తయారుచేశాడు. దాన్ని 'మసరాం గోండి' అంటారు. అది యూనికోడ్‌లోకి గుంజాల కంటే ఏడాది ముందే, 2017లో చేరింది. కాబట్టి ఇవాళ గోండిని తెలంగాణలో తెలుగు అక్షరాల్లో, మహారాష్ట్రలో దేవనాగరిలో, పట్టుదల ఉన్నవాళ్లు ఈ రెండు సొంత లిపుల్లో రాస్తున్నారు. ఒక భాషకు నాలుగు వేషాలు. బడి పుస్తకం ఏ లిపిలో వేయాలన్నది తేలేదాకా పిల్లలే నలుగుతారు. నా మటుకు నాకు, ఆదిలాబాద్ బడుల్లో మొదట గుంజాలే నేర్పాలనిపిస్తుంది. ఇక్కడి చేతుల్లో పుట్టిన రాత అదే కాబట్టి.

గుంజాల లిపిలో కూడా ఎకారానికి ఒకటే అక్షరం, ఒకారానికి ఒకటే. జినవల్లభుడి కాలపు తెలుగు శాసనాల్లో లాగే. యూనికోడ్ పట్టికలో మాత్రం 'ఏ' ముందు ఒక గడి, 'ఓ' ముందు ఒక గడి ఖాళీగా ఉన్నాయి. పొట్టి ఎ, పొట్టి ఒ రాదగ్గ చోట్లవి. వాటిని నింపాలా, లేక గోండి చదివేవాడి నోటికే వదిలేయాలా అన్నది గోండి మాట్లాడేవాళ్లు తేల్చుకోవాల్సిన పని.